ఆరు ఇంచులు లేపిన బండి, నాలుగు గుంతలు

బండి కొని చెడినవాళ్ళను మీరు చూసి ఉంటారు. బండి అమ్ముకుని చెడినవాళ్ళనూ చూసి ఉంటారు. చేతిలో ఉన్న డబ్బంతా పోసి బండి ఎత్తు పెంచి, తర్వాత ఆ ఎత్తు తగ్గించడానికి పార పట్టుకుని నేల తవ్వినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇబ్రహీంపట్నం వస్తే చూడొచ్చు, టికెట్టు లేదు. చెరువు కట్ట మీద ఎవరినడిగినా నవ్వుతూ మా ఇంటి దాకా తీసుకొచ్చి దింపుతారు. అయితే దారిలో వాళ్ళు చెప్పే కథ నమ్మకండి. తప్పంతా నాదేనంటారు. ఆ మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. ఆ రోజు మునిగింది నేనే, ఒప్పుకుంటాను. ముంచినవాళ్ళెవరో మీరే తేల్చండి.

మాది చేపలు పట్టుకుని బతికే కుటుంబం. మా బాపు పెద్ద చెరువులో వల లాగుతాడు. మా మేనత్త అంజమ్మ చేపలు మోసే ఆడవాళ్ళ జట్టుకు పెద్ద. మనిషి పొట్టి, గొంతు పొడుగు. నాకు నీళ్ళలో దిగడం నామోషీ అనిపించి, డ్రైవింగ్ నేర్చుకుని, సెకండ్ హ్యాండులో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొన్నాను. చేపల కోసం వెనక తొట్టికి నాలుగు వైపులా రేకు కొట్టించి, ఐసు నీళ్ళు కారకుండా వెనక తలుపును కూడా వెల్డింగ్ చేయించాను. అంటే అందులో ఏం వేయాలన్నా పై నుంచి పోయాల్సిందే.

మా ఆడవాళ్ళు బండి నింపే పద్ధతి కూడా చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు తెలియదు. నీళ్ళ అంచున తట్ట నింపి తలకెత్తుకుంటారు. వరసగా నడిచి వస్తారు. బండి రేకు అంచు సరిగ్గా వాళ్ళ భుజం దగ్గరికి వస్తుంది. అక్కడ ఆగరు, తట్ట దించరు, ఎవరినీ చేయి వేయమనరు. రేకు తగలగానే తల వంచుతారు, అంతే, చేపలన్నీ జలజలా ఐసు మీద పడతాయి. ఖాళీ తట్టతో అటు నుంచి అటే వెళ్ళిపోతారు. చీమల బారు ఎక్కడైనా ఆగడం చూశారా? ఇదీ అంతే. చేప బతికుండగానే బండి నిండి మార్కెట్టు దారి పట్టేది.

ఆ యేడు వానలు దంచికొట్టి చెరువు నిండా నీళ్ళు. కట్ట దిగితే మోకాలి లోతు బురద. వేట మొదలయ్యే ముందు, ఈ సీజను చేపలు ఎవరి బండిలో పోవాలని మా చేపలవాళ్ళ సంఘంలో మాట వచ్చింది. పోటీకి యాదగిరి ఉన్నాడు, అతని దగ్గరొక ట్రాలీ ఆటో ఉంది. అది కట్ట మీద తప్ప కదలదు.

"ఆటో కట్ట మీదనే ఆగితె, ఆడోళ్ళు గంత దూరం ఎట్ల మోస్తరు?" అన్నాడు అధ్యక్షుడు.

ఎప్పుడూ మీటింగులో నోరు విప్పని మా బాపు లేచి నిలబడ్డాడు. "నా కొడుకు బండి నీళ్ళ అంచు దాక వస్తది. కట్ట దాక ఒక్క తట్ట గూడ మోసే పని లేదు. నాది జిమ్మేదారి."

"సరే మరి. మొదటి వేట రోజు చూద్దాం. సక్కగ నడిస్తె సీజనంత నీ కొడుకుదే," అన్నాడు అధ్యక్షుడు.

బాపు నా గురించి నలుగురిలో ఒక మంచి మాట అనడం నేను వినడం అదే మొదలు. ఆ మాట నిలబెట్టాలని నాకు ఎంత పట్టుదల వచ్చిందంటే, ఉన్నది ఉన్నట్టు ఉంచి ఊరుకుంటే సరిపోతుందన్న సంగతే తోచలేదు. కిందటేడు ఇదే బండి ఇదే బురదలో తిరిగింది. ఒక్కసారీ దిగబడలేదు. కానీ నా చేతిలో ఫోనుంది కదా! అందులో నల్ల కళ్ళద్దాలవాడొకడు కొండలెక్కుతూ, వాగులు దాటుతూ, బండి ఎత్తు పెంచనివాడు బతికి దండగ అన్నట్టు మాట్లాడేవాడు. వాడు చేపల బండి తోలాడా? తట్ట మోశాడా? మా అంజమ్మత్తను చూశాడా? ఇవేమీ లేకుండా వాడు నాకు సలహా ఎలా ఇస్తాడండీ?

మీర్‌పేట్ దగ్గర బండ్ల ఎత్తు పెంచే ఒక ఉస్తాద్ ఉన్నాడని విని వెళ్ళాను.

"ఎంత లేపమంటవన్నా? రెండించులున్నది, నాలుగున్నది, ఆరున్నది," అన్నాడు.

"ఫరకేంది?"

"రెండించులు సార్లకు. పొద్దుగాల ఆఫీసుకు పోయి మాపటికి ఇల్లు చేరేటోళ్ళకు. నాలుగు ఫామ్‌హౌస్ సేట్లకు."

"మరి ఆరు?"

ఉస్తాద్ నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూశాడు. గొంతు తగ్గించాడు. "ఆరు శేర్లకన్నా, సింహాలకు."

ఇంకేం చెప్పమంటారు? ఆ మాట విన్న తర్వాత 'రెండించులు చాలు' అనే మగవాణ్ణి నాకు చూపించండి, వాడి కాళ్ళు మొక్కుతాను.

"ఆరే వెయ్యి," అన్నాను.

"ఆరు లేపి గీ పాత టైర్లు ఉంచితె ఏనుగుకు మేక కాళ్ళు పెట్టినట్టుంటదన్నా. పెద్ద మడ్ టైర్లు పడాలె."

"పడని."

"స్టీరింగ్ తిప్పితె రేకుకు తాకుతయి. జర రేకు కోస్త."

"కొయ్యి."

"బ్రేకు జర ముందుగాల తొక్కాలె. స్పీడు ముల్లు గూడ తక్కువ చూపిస్తది."

"చూపియ్యని. మైలేజీ?"

ఉస్తాద్ నొచ్చుకున్నట్టు చూశాడు. "శేరు మైలేజీ అడుగుతదా అన్నా?"

అడగలేదు. శేరు నోరు మూసుకుని పైసలు కట్టి వచ్చింది. ఇంత మాట్లాడిన మనిషి, 'బండిల ఏమేస్తవ్ అన్నా? ఎవరేస్తరు? వాళ్ళెంత ఎత్తుంటరు?' అని ఒక్క ముక్క అడిగాడా? అది అడగాల్సిన బాధ్యత అతనిది కాదా? గాజులమ్మేవాడు కూడా చేయి చూసి గాజు తీస్తాడు కదా! నాకు తోచలేదంటారా? నాకు తోచకపోవడానికి కారణం అతనే. పొగడ్త చెవిలో పడ్డాక బుర్ర పని చేస్తుందా ఎవరికైనా?

బండి ఇంటికి తెచ్చేసరికి వాడంతా బయటికొచ్చింది. అమ్మ హారతి పళ్ళెం తెచ్చి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. నేను దర్జాగా బండి ఎక్కాను. అంటే ఒక కాలు ఎత్తి, జారి, మళ్ళీ ఎత్తి, తలుపు పట్టుకుని కాసేపు వేలాడి, మొత్తానికి ఎక్కాను. బండి ముందుకు పోనిచ్చాను. నిమ్మకాయ పగిలిన చప్పుడు రాలేదు. అమ్మ వంగి చూసింది.

"శీనూ, నిమ్మకాయలేవిరా?"

దిగి చూస్తే నాలుగూ టైరు గాట్ల మధ్య చక్కగా ఇరుక్కుని ఉన్నాయి. పుల్ల పెట్టి పొడిచినా రావడం లేదు.

"పగలకుంటె దిష్టి పోదు బిడ్డా. ఉండు, ఇంకోటి పెడ్త," అంది అమ్మ. అదీ ఇరుక్కుంది. ఇంట్లో నిమ్మకాయలు అయిపోయాయి గానీ నా దిష్టి పోలేదు.

బాపు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "టైర్లు కొన్నవా, తొక్కు జాడీలు కొన్నవా?" అన్నాడు. కానీ అతని మొహంలో కోపం లేదు. "నీళ్ళ దాక వస్తది కదరా?" అని మాత్రం అడిగాడు.

"నీళ్ళ దాక కాదు బాపూ, నీళ్ళల్లకు గూడ వస్తది."

ఈ మాట నిజమే అయిందని గమనించగలరు.

మొదటి వేట రోజు పొద్దున్నే కట్ట మీద సంఘమంతా చేరింది. యాదగిరి తన ఆటో ఓ పక్కన నిలిపి చాయ్ తాగుతున్నాడు. నేను హారన్ కొట్టి కట్ట దించాను. బురద చీలిపోయింది. బండి అటు ఒరగలేదు, ఇటు జారలేదు, పెళ్ళి గుర్రంలా నడిచి వెళ్ళి నీళ్ళ అంచున నిలబడింది. నడుము లోతు నీళ్ళలో వల తాడు పట్టుకున్న బాపు తల తిప్పి నన్ను చూశాడు, ఆ తర్వాత అధ్యక్షుణ్ణి చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మొదటి తట్ట ఎప్పుడూ మా అంజమ్మత్తదే. కట్ట మైసమ్మ పేరు తలుచుకుని, కళ్ళు మూసుకుని పోస్తుంది. ఎప్పటిలాగే వచ్చింది. ఎప్పటిలాగే భుజానికి రేకు తగిలింది. ఎప్పటిలాగే తల వంచింది.

చేపలు రేకుకు కొట్టుకుని తిరిగొచ్చాయి. రవ్వలు, బొచ్చెలు అన్నీ మా అత్త నెత్తి మీది నుంచి, భుజాల మీది నుంచి జారి బురదలో పడ్డాయి. ఒకటి కొంగులో దూరి టపటపా కొట్టుకుంది. వెనక బారు మొత్తం ఆగిపోయింది. మా అత్త కళ్ళు తెరిచి ఎదురుగా ఉన్న రేకును చూసింది. మెడ ఎత్తింది. ఇంకా ఎత్తింది.

"ఓరి శీనుగా, గీ గోడ ఎవడు కట్టిండ్రా?"

"గోడ కాదత్తా, నా బండే. జర లేపిచ్చిన."

"ఎందుకు లేపిచ్చినవ్?"

"బురదల దిగబడకుంట."

"నిరుడు దిగబడ్డదా?"

"లేదు."

"మరి?"

"జమానా మారిందత్తా."

"జమానా మారితె నేను పొడుగైతనార?"

ఆడవాళ్ళు ఒకటే నవ్వు. నాకు ఎక్కడో కాలింది. ఇంత ఖర్చు పెట్టి, ఇంత దూరం బండి తెస్తే, 'శెభాష్' అనేది పోయి, కొలతలు తీస్తారా? ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. తట్ట నెత్తిన పెట్టుకుని మా అత్త దాని మీదికెక్కింది. కుర్చీ నాలుగు కాళ్ళూ బురదలోకి మెల్లగా దిగిపోయాయి. అత్త ఎక్కినంత ఎత్తూ దిగి మళ్ళీ నేలకు వచ్చింది. ఇద్దరు పట్టి ఒక్కో తట్ట అందిద్దామన్నారు. అలా అయితే మధ్యాహ్నం దాకా నిండదు. ఎండ ఎక్కుతోంది. నీళ్ళ అంచున చేపలు నోళ్ళు తెరుస్తున్నాయి.

"ఏమాయెరా?" అని కట్ట మీది నుంచి అధ్యక్షుడు కేక వేశాడు. బాపు నా వైపు చూడటం మానేశాడు. అది మాత్రం నేను తట్టుకోలేకపోయాను.

అప్పుడు వచ్చింది నాకా ఆలోచన. లేపిన బండిని దించలేం సరే, నేలను దించితే?

"అత్తా, జరసేపు ఆగుండ్రి. టైర్ల కింద గుంతలు తీస్త. బండి దిగుతది, పాత ఎత్తుకొస్తది."

అత్త తట్ట కింద పెట్టి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటె పైసలిచ్చి లేపి, పార వట్టి దించుతవ్?"

"అవ్."

"మంచి సదువే సదివినవ్ అల్లుడా. తవ్వు."

తవ్వాను. నాలుగు టైర్లకు నాలుగు గుంతలు, వాటిలోకి దిగడానికి వాలు దారి. చెరువు పక్కన నేల కదా, తవ్వుతుంటే అడుగున నీళ్ళు ఊరుతున్నాయి. ఊరనీ, ఫోర్ వీల్ డ్రైవ్ అనుకున్నాను. బండిని మెల్లగా దించాను. రేకు అంచు సరిగ్గా మా అత్త భుజం దగ్గరికి వచ్చి ఆగింది. ఒక్క ఇంచు తేడా లేదు! ఇంజనీరు లెక్క గీసినా అంత కచ్చితంగా రాదు. అత్త ముక్కు మీద వేలేసుకుంది. బారు కదిలింది. తలలు వంగాయి, చేపలు జలజలా పడ్డాయి. నేను కట్ట మీద యాదగిరి వైపు ఒక చూపు విసిరాను. పాపం, చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కాసేపటికి మా అత్త నా పక్కగా పోతూ మెచ్చుకుంది. "మస్తు అల్కగున్నది అల్లుడా. ఇందాక భుజం దాక ఉండె. ఇప్పుడు నడుం దాకొచ్చింది. ఇంకో జర దించు."

దించుతున్నది నేను కాదు! చేపల బరువుకు, అడుగున ఊరిన నీళ్ళకు, బండి తనంతట తానే దిగుతోంది.

ఒక్క గంతులో ఎక్కి కూర్చున్నాను. ఈసారి వేలాడే అవసరం రాలేదు, మెట్టు నేలకే ఆనింది. స్టార్ట్ చేసి బలంగా తొక్కాను. ఆ మడ్ టైర్ల గొప్పదనమేమిటంటే బురదను లోపల్నుంచి తోడి వెనక్కి విసురుతాయి. తోడాయి. విసిరాయి. మా అత్త మీద, ఆమె జట్టు మీద, ఏమైందో చూద్దామని అప్పుడే కట్ట దిగి వచ్చిన అధ్యక్షుడి తెల్ల చొక్కా మీద. తోడినకొద్దీ బండి కిందికి పోయింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఒక గోతిలో పడటం ఎవరికైనా చేతనవుతుంది. తీసిన నాలుగు గోతుల్లోనూ ఒకేసారి పడింది ఈ జిల్లాలో నేనొక్కణ్ణే.

ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. "ఉస్తాద్, బండి కూరుకపోయింది!"

"ఎంత?"

"టైర్లు కనబడ్తలేవు."

అటువైపు తృప్తిగా ఒక నిట్టూర్పు వినబడింది. "అనుకున్న అన్నా. నీకు ఆరు చాలవు. తీస్కరా, ఎనిమిదేద్దాం."

"ఎట్ల తీస్కరావాల్నయ్యా?"

ఫోన్ కట్ అయింది. ఇటువంటి మనుషులను ఏమనాలి? మీ నోటికొచ్చింది మీరు అనండి, నాకొచ్చినవన్నీ నేనప్పుడే అనేశాను.

ఇక జరిగింది చెప్పడానికి నోరు రావడం లేదు. యాదగిరి ప్యాంటు మడిచి బురదలో నడుచుకుంటూ వచ్చి, "ఫికర్ చెయ్యకన్నా, ఆటో ఉంది కద," అన్నాడు. ఎగతాళి చేస్తే బాగుండేది, కొట్టడానికి ఒక వంకైనా దొరికేది. నిజంగా జాలిపడ్డాడు దుర్మార్గుడు! ఆడవాళ్ళు పోసిన చేపలను మళ్ళీ తట్టల్లోకి తోడారు. బండి నడుం కిందికి దిగింది కాబట్టి తోడటం మాత్రం చాలా సులువుగా ఉందన్నారు. ఆ తట్టలన్నీ తలకెత్తుకుని, బురదలో ఈడ్చుకుంటూ, కట్ట దాకా మోశారు. ఏది ఒక్క తట్టకు కూడా జరగదని బాపు మాటిచ్చాడో, అది ప్రతి తట్టకూ జరిగింది.

ఖాళీ అయిన నా బండికి వల తాళ్ళు కట్టారు. వల లాగే మగవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు తాడు భుజాన వేసుకున్నది మా బాపే. "జోర్ లగాకె!" అని ఒకరంటే "హైసా!" అని అందరూ లాగారు. చాలాసేపటికి బండి గుంతల్లోంచి ఊడి, బురద కక్కుతూ ఒడ్డుకు వచ్చింది.

అత్త దాని చుట్టూ తిరిగి చూసింది. "గీ యేడు వేటల పెద్ద చాప గిదే. మరి దీన్నెవడు కొంటడు?"

సాయంత్రం సంఘం కూర్చుంది. సీజను యాదగిరికి పోయింది. చర్చ కూడా జరగలేదు, తలలూపారు, అంతే. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. అధ్యక్షుడు మంచివాడు, చొక్కా మార్చుకుని వచ్చాడు.

"పిలగాడు చిన్నబోయిండు, ఏదన్న ఒక పని ఇద్దాం," అన్నాడు. "బతుకమ్మకు కట్ట మీద స్తంభాలకు లైట్లు కట్టాలె కద. బండి ఎత్తుగున్నది, పైకెక్కి నిలబడితె నిచ్చెనతోని పని లేదు."

అందరూ నవ్వారు. నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. నీళ్ళ దాకా పోయే బండిని నిచ్చెన చేస్తారా? అప్పుడు మా బాపు లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రగా ఉంది. నా గుండె ఉప్పొంగింది. ఎంతైనా తండ్రి కదా, కొడుకు మీద మాట పడనిస్తాడా!

"నవ్వుడు ఆపుండ్రి," అన్నాడు బాపు. "లైట్లు కట్టుడంటె పండుగ పని, ఆడపిల్లలు ఆడుకునే జాగ. గా పని నా కొడుకు బండికి ఇస్తరా?"

"తప్పేముందన్నా?"

"తప్పే. స్తంభం స్తంభానికి గుంతలు తవ్వుతడు."

కాబట్టి పాఠకులారా, కట్ట మైసమ్మ సాక్షిగా, మా ఉస్తాద్ నోటి సాక్షిగా, ఇందుమూలంగా శపథం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నేను ఏ బండి కొన్నా, ఏ టైరు మార్చినా, ఒక్క ఇంచు లేపినా దించినా, ముందుగా మా అంజమ్మత్తను దాని పక్కన నిలబెట్టి, ఆమె భుజం చూసి గానీ పైసా తీయను. ఈ సంగతి ఆమెకు చెప్పి ఆశీర్వదించమన్నాను. ఆశీర్వదించింది గానీ, నిలబడనంది. నా బండి పక్కన నిలబడాలంటే ముందు ఆ పార దాచిపెట్టి రమ్మంది.